పాత మరా? కొత్త మరా?

తెలుగు చెప్పుకుని బతికేవాడికి కొయ్య కోసే మరలతో ఏమి పని అని చదువరులు అడగవచ్చు. అడగడం న్యాయమే. పద్యంలో యతి తప్పితే పట్టుకోగలను గాని, యంత్రంలో మర ఊడితే పట్టుకోగలవాణ్ని కాను. మా ఇంట్లో మిక్సీ మొరాయించినా మా ఆవిడే బాగుచేయించుకుంటుంది. అటువంటి నేను కిందటి ఏడు రెండు నెలలపాటు వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల ఊళ్ల మధ్య తిరిగి, సి.ఎన్.సి. రౌటర్ అనే యంత్రం కొత్తది కొనాలా, పాతది కొనాలా అన్న చర్చలో తలమునకలయ్యాను. దీనికంతా మూలకారణం ఒక సంతకం.

ఒకనాటి సాయంకాలం ఆచారిగారు మా ఇంటికి వచ్చారు. మా వీధి చివర వడ్రంగం షెడ్డు ఆయనది. పన్నెండేళ్ల కిందట మా ఇంటి ద్వారబంధాలూ తలుపులూ ఆయన చేతిమీదనే తయారైనవి. నాటినుంచి నేటిదాకా ఏ వానాకాలంలోనూ ఒక్క తలుపు బిగుసుకోలేదు. ఆయన మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి, కాసేపు గోడ వంక చూసి, "సారూ, అయిదు లక్షల చిట్టీ పాడిన. నాలుగు లక్షలు చేతికొస్తయి. నౌకరీ ఉన్నోళ్లు ఇద్దరు జామీను ఉండాలంటున్నరు. ఒకాయన ఒప్పుకున్నడు. రెండో సంతకం మీరు పెట్టాలె" అన్నారు.

చిట్టీకి జామీను ఉండడమంటే ఏమిటో సంసారులకు నేను విప్పి చెప్పనక్కరలేదు. యాభై నెలల చిట్టీ. పద్నాలుగు వాయిదాలు కట్టారు. ఇంకా ముప్పైఆరు ఉన్నవి. ఆయన కట్టలేని నాడు ఆ బరువు నా జీతం మీదికి వస్తుంది. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నది. వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడ నా వంక చూసిన చూపులో ఈ లెక్క అంతా ఉన్నది.

"డబ్బు దేనికి ఆచారిగారూ?" అని అడిగాను.

"మిషన్ కొందామని. అదే సారూ, కంప్యూటర్‌తోని చెక్కేది. నేనేమో గద్వాలల పాతది ఉన్నది, నగదుకు కొందామంటున్న. మావాడేమో బ్యాంకు లోను తీసి కొత్తది తెద్దామంటున్నడు. ఇంట్ల పదిదినాల నుంచి ఇదే లొల్లి."

మంచివాడు అడిగాడని సంతకం పెట్టవచ్చు. మంచివాడు కూడా మునిగిపోవచ్చు. అందుచేత, "సంతకం పెడతాను. కాని దేనికి పెడుతున్నానో నాకు తెలియాలి. మీరు చూడబోయేవన్నీ నన్నూ చూడనివ్వండి" అన్నాను. ఆయన నవ్వి, "మంచిదే సారూ, లెక్క రాసేటోడు ఒకడు కావాలె" అన్నారు.

మగ్గానికి మనుమడు

ఈ మర పేరులోని మూడక్షరాలకు అర్థం స్థూలంగా ఇది: కంప్యూటరు అంకెల ద్వారా నడిపించేది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఇనప బల్ల. దానిమీద వంతెనలాంటి దూలం ఒకటి ముందుకూ వెనకకూ నడుస్తుంది. ఆ దూలానికి వేలాడే స్పిండిల్ నిమిషానికి 18,000 నుంచి 24,000 సార్లు తిరుగుతుంది. దాని కొనకు బిగించిన చిన్న ఉలివంటి బిట్టు పక్కలకు, ముందువెనకలకు, పైకీ కిందికీ కదులుతూ చెక్కను తొలుస్తుంది. ఈ రోజుల్లో ఇంటి సింహద్వారాలమీద కనబడే లక్ష్మీదేవులు, నెమళ్లు, లతలు చాలావరకు దాని పనే.

ఇదంతా మనకు పరాయి విద్య అనుకోనక్కరలేదు. గద్వాల చీరల అంచు నేసే మగ్గాలమీద రంధ్రాలు పొడిచిన అట్టల దండను చూసినవారికి దీని కిటుకు తెలిసినట్టే. అట్టకు రంధ్రమున్న చోట సూది దూరుతుంది, పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ జకార్డు సాధనాన్ని ఫ్రాన్సులోని లియాన్ పట్టణంలో జోసఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో తీర్చాడు. దాదాపు నూటయాభై ఏళ్ల తరువాత అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టరు రెక్కల కొలతల కోసం తంటాలు పడుతూ, అంకెలతో యంత్రాన్ని నడిపించవచ్చునని ఆలోచించాడు. ఎం.ఐ.టి. విద్యాసంస్థవారు 1952లో రంధ్రాల కాగితపు పట్టీతో నడిచే యంత్రాన్ని నలుగురికీ చూపించారు. అట్ట పోయి పట్టీ వచ్చింది. పట్టీ పోయి కంప్యూటరు వచ్చింది. మగ్గానికి ఈ మర మనుమడి వరస.

ఆచారిగారి అబ్బాయి వనపర్తి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివినవాడు. సంస్థానంవారి రాజభవనంలో 1959లో మొదలైన ఆ కళాశాల ఈ ప్రాంతపు పిల్లలకు చేతిపనిని చదువుగా మార్చి ఇచ్చింది. మరకు ఇచ్చే ఆజ్ఞలను జి-కోడ్ అంటారని అతడే నాకు చెప్పాడు. జి-సున్న అంటే గాలిలో వడిగా పొమ్మని. జి-ఒకటి అంటే సూటిగా కోస్తూ పొమ్మని. జి-రెండు, జి-మూడు అంటే వంపు తిరగమని. "మా గణాలవలెనే ఉన్నదే!" అన్నాను. "అవును సార్, కాకపోతే ఇక్కడ గణం తప్పితే బిట్టు విరుగుతది" అన్నాడు.

నాగర్‌కర్నూలులో విన్నది

ముందుగా బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు వెళ్లాం. అక్కడ ఒకరి షాపులో మూడేళ్ల కిందట కొత్తదిగా కొన్న మర ఉన్నది. ఆచారిగారు ఏడాదిగా తమ తలుపుల చెక్కడం అక్కడే గంటల లెక్కన చేయించుకుంటున్నారు. ఆ యజమాని మొహమాటం లేని మనిషి. టీ తెప్పించి, తన అనుభవమంతా విప్పి చెప్పాడు.

"కొత్తది కొన్నందుకు నాకు ఫికరు లేదు సారూ. నాకు మిషన్ విద్య రాదు. కంపెనీ మనిషి మూడు దినాలు ఉండి నేర్పిండు. బ్యాంకు కూడా కొత్త బిల్లు చూసే లోనిచ్చింది. అచ్చంపేట, కొల్లాపురం, కల్వకుర్తి నుంచి పని వస్తది. నెలకు నూరు గంటలకు తగ్గదు. అందుకే కట్టగలిగిన."

"గ్యారంటీ ఉన్నదిగదా?" అన్నాడు ఆచారిగారి అబ్బాయి.

"ఉన్నది. మొదటి ఏడాది ఒకసారి ఆగింది. ఫోను చేస్తే అయిదో దినం హైదరాబాదు నుంచి మనిషొచ్చిండు. సామాను ఊరికేనే ఇచ్చిండ్రు. కాని ఒక గృహప్రవేశం తలుపు ఆగిపోయింది. గ్యారంటీ అంటే పాడయిన సామాను ఇస్తరని తమ్మీ, పోయిన దినాలు తిరిగిస్తరని కాదు."

ఈ మాట నా పుస్తకంలో రాసుకున్నాను. ఇంటికి వచ్చి, అబ్బాయి తెప్పించిన కొటేషన్ కాగితాన్ని నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. చదవడమే గదా నాకు వచ్చిన విద్య! గ్యారంటీ ఒక సంవత్సరం. స్పిండిల్ బేరింగులకు వర్తించదు. కరెంటు హెచ్చుతగ్గులవల్ల కలిగిన చెడుపుకు వర్తించదు. బిట్లు, బెల్టులు, మీటలు సరేసరి. అంటే తరచుగా అరిగేవేవో, పల్లెపట్టు కరెంటుకు చెడేవేవో అవి అందులో లేవన్నమాట. పొట్టు పీల్చే సాధనం వెలలో కలిసి లేదు. స్టెబిలైజరు లేదు. వీటిని ముందుగా అడిగి, కాగితంమీద రాయించుకోకపోతే, కొత్త మర వెల మనకు చెప్పిన వెల కాదు.

పొట్టు సంగతి చిన్నదిగా తీసివేయకండి. కొయ్యపొడి మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఈ మరలు చేసే పొడి పిండికన్న మెత్తగా ఉంటుంది. పాత మర కొన్నా, కొత్తది కొన్నా పొట్టు పీల్చే గొట్టం తప్పనిసరి. షెడ్డుకు ఆనుకునే ఆచారిగారి ఇల్లు. మనుమరాలు అక్కడే ఆడుకుంటుంది.

గద్వాలలో చూసింది

ఆ తరువాతి ఆదివారం పెబ్బేరు మీదుగా, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి గద్వాల చేరాం. పూర్వం మాఘ, కార్తిక మాసాలలో పండితులు సన్మానాలకోసం ప్రయాణం కట్టిన ఊరు. విద్వద్గద్వాల అని పేరు. నేను కూడా ఇంతకుమునుపు సాహిత్య సభలకే అక్కడికి వెళ్లాను. ఈసారి మాత్రం కోట వైపు తిరిగి చూడకుండా ఒక రేకుల షెడ్డులోకి నడిచాను.

షెడ్డు యజమాని ముప్పైఏళ్ల కుర్రవాడు. టార్పాలిన్ కప్పి ఉంచిన మరను చూపించాడు. నాలుగేళ్ల కిందట కొత్తగా అప్పు తీసి కొన్నాడట. మర బాగానే నడిచింది, పని రాలేదు. నెలనెలా వాయిదా మాత్రం తప్పకుండా వచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో మరొకరి దగ్గర పనికి కుదిరాడు. మూడు లక్షల ఇరవై అయిదువేలు అడుగుతున్నాడు.

పాత మర కొనేవాడు మొదట అడగవలసిన ప్రశ్న "ఎందుకు అమ్ముతున్నారు?" అన్నది. మర చెడి అమ్మడం వేరు, బేరం చెడి అమ్మడం వేరు. రెండోదైతే మరకు భయపడనక్కరలేదు గాని, అదే గతి మనకూ పట్టదా అని మాత్రం ఆలోచించుకోవాలి.

అబ్బాయి తన పూర్వపు కళాశాల మేష్టరు నడిగి ఒక డయల్ గేజ్ తెచ్చుకున్నాడు. మేము వచ్చేదాకా మరను ఆన్ చేయవద్దని ముందే ఫోనులో చెప్పి ఉంచాడు. వేడెక్కి ఉన్న స్పిండిల్ తన రోగం దాచుకుంటుందట. చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి అరగంట ఉత్తినే తిప్పించాడు. మొదట సన్నని ఈల. పావుగంటకు ఆ ఈలలో ఇసుక నమిలినట్టు గరగర వినిపించింది. "బేరింగులు పోతున్నవి" అన్నాడు.

తరువాత వదులు. దూలానికి గేజ్ ఆనించి, ఒక మిల్లీమీటరు ముందుకు జరిపి, మళ్లీ ఒక మిల్లీమీటరు వెనకకు జరిపాడు. ముల్లు బయలుదేరిన చోటికే రావాలి. అడ్డంగా నడిచేవైపు మిల్లీమీటరులో ఇరవయ్యోవంతు తేడా. అది కొయ్యపనికి లెక్కలోకి రాదు. నిలువున నడిచేవైపు నాలుగోవంతు తేడా. పళ్ల పట్టీమీద నడిచే చిన్న చక్రాలు అరిగాయన్నమాట. పట్టీని వేలితో తడిమి చూశాడు. అది బాగానే ఉన్నది. చక్రాలు మార్చడం తేలిక. పట్టీ, గైడు పట్టాలు అరిగితే ఆ మరను వదలిపెట్టాలట.

అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడిన ఆచారిగారు, "ఒక చదరం కోయించు" అన్నారు. మీటరు పొడవూ మీటరు వెడల్పూ ఉన్న చదరాన్ని మర పలకమీద గీసింది. ఆయన జేబులోంచి దారం తీసి ఒక మూలనుంచి ఎదుటి మూలకు పట్టి ముడివేశారు. అదే దారాన్ని రెండో కర్ణంమీద పరిచారు. ముడి మూలకు మూడు మిల్లీమీటర్లు ఇవతల ఆగింది. ద్వారబంధం నిలబెట్టేముందు మా ఇంట్లో ఆయన చేసిన పరీక్ష ఇదే. రెండు కర్ణాలూ సమానమైతేనే మూలలు మట్టానికి ఉన్నట్టు. లక్షల ఖరీదు చేసే యంత్రం వంకరను దారంముక్క పట్టిచ్చింది! దూలం ఒకవైపు కొంచెం ముందుకు జరిగి ఉన్నదని, రెండువైపుల మోటార్లను సరిచూసి బిగిస్తే సర్దుకుంటుందని అబ్బాయి చెప్పాడు.

కరెంటు పెట్టె తెరిస్తే లోపల వేలెడు పొట్టు. ఒక ఫ్యాను తిరగడం లేదు. కాలిన తీగలు మాత్రం లేవు. కంట్రోలరు తాళపు సంకేతం యజమానికి తెలుసునా, దానికి బదులు దొరుకుతుందా అని కూడా అడిగాడు. రెండింటికీ అవుననే జవాబు వచ్చింది.

ఇక అబ్బాయి కాగితంమీద తప్పులన్నీ వరసగా చదవడం మొదలుపెట్టాడు. బేరింగులు, చక్రాలు, వంకర, ఫ్యాను. ఒక్కొక్కటి చదువుతున్నకొద్దీ గొంతు పెరిగింది. పరీక్షలో ఎదుటివాడి తప్పులు దొరికిన విద్యార్థి ఉత్సాహం అది; నాకు బాగా పరిచితమే. నేను యజమాని ముఖం చూశాను. నాలుగేళ్ల కిందట ఆ మరకు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టిన మనిషి అతను. బొట్టు మరక ఇంకా దూలంమీద ఉన్నది.

ఆచారిగారు చెయ్యి పైకెత్తారు. "ఆపు. పనిముట్టును దాని యజమాని ముందర తక్కువ చేసి మాట్లాడొద్దు. బాగు చేసుకునేటందుకు ఎంతయితదో అదొక్కటి చెప్పు."

అబ్బాయి తలవంచుకుని లెక్క వేశాడు. కొత్త స్పిండిల్‌కు 42,000. చక్రాలకు, బెల్టులకు 9,000. ఫ్యానుకు, తీగలకు 7,000. మొత్తం 58,000. "నీవు చెప్పిన ధరలకెల్లి ఈ యాభై ఎనిమిదివేలు తీసేస్తున్న. ఇంకొక రూపాయి తగ్గియ్యమని అడగను" అన్నారు ఆచారిగారు. బేరం 2,67,000 దగ్గర ఆగింది. అవసరంలో ఉన్నవాడు ఇంకా దిగి వచ్చేవాడే. నాకా సంగతి తెలుసు. ఆచారిగారికి నాకన్న బాగా తెలుసు.

నా వంతు కాగితాలు. అసలు బిల్లు చూపించమన్నాను. ఉన్నది. బ్యాంకు అప్పు తీరిందా అని అడిగాను. కుర్రవాడు కాసేపు నేల చూసి, "ఇంకా లక్షా పదివేలు ఉన్నది సార్" అన్నాడు. చదువరులు ఈ చోట జాగ్రత్తగా ఉండాలి. అప్పు తీసి కొన్న యంత్రం అప్పు తీరేదాకా బ్యాంకు పేర బందీగా ఉంటుంది. బ్యాంకువారి అనుమతి లేకుండా కొన్నవాడి ఇంటికి రేపు బ్యాంకువారే రావచ్చు. అందుచేత లక్షా పదివేలు తిన్నగా ఆ అప్పు ఖాతాలోనే కట్టేటట్టు, బాకీ లేదన్న పత్రం చేతికి వచ్చిన తరువాతనే మిగతా 1,57,000 ఇచ్చి మర కదిలించేటట్టు రాసుకున్నాం.

రాత్రి లెక్క

ఆ రాత్రి ఆచారిగారింట్లో చాపమీద కూర్చుని లెక్క వేశాం. పిన్నలూ పెద్దలూ అందరూ ఉన్నారు. బేరమంతా కుదిరినట్టే ఉన్నా, లెక్క కాదంటే వెనక్కి తగ్గుదామని ముందే అనుకున్నాం.

కొత్త మర వెల 6,40,000. పద్దెనిమిది శాతం జి.ఎస్.టి. 1,15,200. మొత్తం 7,55,200. జి.ఎస్.టి. నమోదు లేని షాపువాడికి ఆ పన్ను తిరిగి రాదు. నాలుగోవంతు, అంటే 1,88,800 చేతినుంచి పెట్టుకుంటే బ్యాంకు అప్పు 5,66,400. ఇది 2015లో మొదలైన ముద్రా పథకంలో అయిదు లక్షలకు పైబడిన 'తరుణ్' తరగతిలోకి వస్తుంది, తాకట్టు అక్కరలేదు. పదకొండు శాతం వడ్డీకి అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 12,300. పాత మరలకు బ్యాంకులు అంత సులభంగా అప్పు ఇవ్వవు. ఈ విషయంలో అబ్బాయి వాదం సరైనదే.

పాత మర 2,67,000. బాగుచేత 58,000. క్రేను, లారీ, మళ్లీ మట్టం చూసి నిలబెట్టడం 24,000. మొత్తం 3,49,000. త్రీ ఫేజ్ కరెంటు, పొట్టు గొట్టం రెండింటికీ సమానమే కాబట్టి వాటిని పక్కన పెట్టాం. కొత్తగా షాపు పెట్టేవారికి కాని, మా ఆచారిగారివంటి చేతిపనివారికి కాని ఒక మాట: 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో వడ్రంగులు ఉన్నారు. పనిముట్లకు 15,000, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల వరకు అప్పు. మరకు చాలదుగాని పొట్టు గొట్టానికి, చేతి పనిముట్లకు బాగా పనికివస్తుంది.

ఇక ఆదాయం. నాగర్‌కర్నూలు షాపు బిల్లులన్నీ ఆచారిగారి భార్య ఒక బిస్కెట్ల డబ్బాలో దాచి ఉంచింది. ఆమెకు నా దండం. ఏడాదికి 336 గంటలు. అంటే నెలకు 28. గంటకు 350 చొప్పున ఇచ్చారు. సొంత మరైతే కరెంటు, బిట్లు కలిపి గంటకు నూరు అనుకున్నాం. మిగులు గంటకు 250, నెలకు 7,000. ట్రాలీ ఆటో ఖర్చు నెలకు మూడుసార్లు, సారికి 1,200 చొప్పున 3,600 మిగులుతుంది. మొత్తం నెలకు 10,600.

కొత్త మరకు వాయిదా 12,300. నెలనెలా 1,700 చేతినుంచి పెట్టుకోవాలి. నెలకు 35 గంటల పని వస్తే గాని సరికి సరి కాదు. దానికితోడు చిట్టీ వాయిదా తొమ్మిదివేల చిల్లర ఎటూ ఉన్నది. పాత మరకైతే, ఇదే 28 గంటలు వచ్చినా, పెట్టిన డబ్బు 33 నెలలలో తిరిగి వస్తుంది. అదీగాక నాలుగు లక్షలలో 51,000 చేతిలో నిలుస్తుంది.

అబ్బాయి చాలాసేపు కాగితం చూశాడు. "నాగర్‌కర్నూలాయన కొత్తది కొన్నడు కదా సార్, బాగానే ఉన్నడు" అన్నాడు. నిజమే. ఆయనకు నెలకు నూరుగంటలు పని ఉన్నది. మర విద్య రాదు. ఆయనకు కొత్తది న్యాయం. మీకు 28 గంటల పని ఉన్నది. మర విప్పి బిగించే కొడుకు ఉన్నాడు. మీకు పాతది న్యాయం. గద్వాల కుర్రవాడికి ఇంకా గంటలే లేవు. అతనికి ఏదీ న్యాయం కాదు, కొన్నాళ్లు బయట చేయించుకోవడమే న్యాయం. ఆనాటి తిరుగుడంతటిలో నేను నేర్చుకున్నది ఇంతే. మర వయసుకన్న ముందు రెండు సంగతులు అడగాలి. దానికి నెలకు ఎన్ని గంటల పని చూపించగలం? అది ఆగిన రోజున దాన్ని లేపేవాడెవరు? ఈ రెండింటికీ జవాబు లేనివాడికి పాతది చవకా కాదు, కొత్తది భద్రమూ కాదు.

మర్నాడు వెళ్లి చిట్టీ కాగితాలమీద సంతకం పెట్టాను. మా ఆవిడ లెక్క కాగితం ఆసాంతం చదివి, "ఆ బిస్కెట్ల డబ్బా ఆవిడ ఉన్నదంటే ఫరవాలేదు" అన్నది.

ఆ తరువాత

మర వచ్చి ఎనిమిది నెలలైంది. గద్వాల కుర్రవాడు మాట ప్రకారం రెండురోజులు వచ్చి పని నేర్పి వెళ్లాడు. తన మర మళ్లీ తిరగడం చూసి, దూలాన్ని ఒకసారి చేత్తో తుడిచాడు. మూడోనెలలో ఒకనాడు మర హఠాత్తుగా ఆగింది. గొలుసు గొట్టంలో ఒక తీగ తెగిందట. ఆ కుర్రవాడే హైదరాబాదు నుంచి ఫోనులో చెబుతుంటే, అబ్బాయి గంటన్నరలో అతికాడు. ఏ గ్యారంటీ కాగితంలోనూ రాయని సాయం అది. పొదుపుకు తూట్లు కూడా పడ్డవి. స్పిండిల్ నడిపే పరికరం ఒకటి మొన్నటి ఉరుముల వానకు పోయింది. చేతిలో ఉంచుకున్న 51,000లో 18,000 అక్కడ ఖర్చయింది. ఆ డబ్బు ముందుగా పక్కన ఉంచకపోతే అది మళ్లీ అప్పే. ఇప్పుడు నెలకు 33 గంటలదాకా పని నడుస్తున్నది.

మొన్న షెడ్డుకు వెళ్తే, మర చెక్కిన తలుపు ముందర ఆచారిగారు ఉలి, కొడవటి పట్టుకుని కూర్చున్నారు. "మళ్లీ చేతిపనేనా?" అన్నాను. తిరిగే బిట్టు గుండ్రంది కాబట్టి లోపలి మూలలు గుండ్రంగానే మిగులుతాయట. వాటిని మూలమట్టానికి తేవాలంటే ఉలి తప్పదు. "మిషన్ నూటికి తొంభై చేస్తది సారూ. మూలలు మనయి" అన్నారు.

ప్రతినెలా పదో తారీకు దాటకుండా ఆయన మా ఇంటికి వచ్చి, చిట్టీ కట్టిన రసీదు చూపించి పోతారు. అక్కరలేదని నేను ఎన్నోసార్లు చెప్పాను. ఆయన వినరు. "మీ సంతకం ఉన్నది గద సారూ" అంటారు. రసీదు మడిచి జేబులో పెట్టుకుని, పోతూపోతూ మా వీధి తలుపును ఒకసారి వేసి తీసి చూస్తారు.